దుమ్ము వచ్చిన దారి

సూర్యం ఇంజను విప్పుతున్నంతసేపూ జీవరత్నమ్మ షెడ్డు ముందు పాత టైరు మీద కూర్చునే ఉంది. ఇంటికి వెళ్లమన్నా వెళ్లలేదు, నీడలోకి రమ్మన్నా రాలేదు. పలాస రోడ్డు మీద జీడిపిక్కల బస్తాలతో లారీలు వెళ్లినప్పుడల్లా లేచిన దుమ్ము ఆమె తల మీద, భుజాల మీద పడుతోంది. ఒళ్లో అన్నం క్యారేజీ ఉంది. ఈ బండి షెడ్డుకి వచ్చినప్పుడల్లా దానితోపాటు ఉండే మొగుడికి ఆమె అన్నం తెచ్చేది. ఈసారి మొగుడు కవిటిలో, ఇంట్లో, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అలవాటుకొద్దీ చెయ్యి క్యారేజీ కట్టేసింది.

“అప్పా, నువ్వలగ కన్నార్పకుండా సూత్తంటే నాకు సెయ్యాడదు. ఇంటికెల్లిపో,” అన్నాడు సూర్యం, అక్క వరసైన ఆమెతో.

“నీ సెయ్యి నాను పట్టుకున్నానేటి?”

“మరెందుకు కూకున్నావు?”

“అందులోంచి ఏటొత్తాదో సూద్దామని.”

“ఏటొత్తాది? మసొత్తాది.”

“మా ఆయన అమ్మీసిన ఆయిలొత్తాదేమో సూత్తాను.”

సూర్యం తల దించుకుని పానా తిప్పాడు.

ఉద్దానం ఊళ్లలో కిడ్నీలు పాడైనవాళ్లని రక్తం కడిగించుకోవడానికి విశాఖపట్నం తీసుకెళ్లే వ్యాను అది. యజమాని ధర్మారావు. తోలేది జీవరత్నమ్మ మొగుడు కృపాదానం. కిందటి వారం నిమ్మాడ దాటాక, కొత్త రోడ్డు వేస్తున్నచోట ఇంజను పట్టేసి బండి నిలిచిపోయింది. ఎండలో ఒక్కొక్క లారీనీ బతిమాలి జనాన్ని ఎక్కించేసరికి పొద్దు తిరిగిపోయింది. మిగతావాళ్లు ఎలాగో చేరారు. సముద్రపొడ్డు పేటలో ఉండే దాలయ్య చేరలేదు, బండిలోనే పోయాడు. ఇంజను మూత తీసి చూస్తే ఆయిలు చుక్క లేదు. ధర్మారావు మర్నాడు కవిటి సెంటర్లో, వ్యాను ఆగే చోట, జనం అందరి ముందూ గట్టిగా అన్నాడు: “ఆయిలు టెక్కలిలో అమ్ముకున్నాడు. మనిషిని చంపేశాడు.”

ఆ మాట తరవాత కృపాదానం ఆదివారం చర్చికి కూడా లేవలేదు.

జీవరత్నమ్మకి రాత్రీ పగలూ ఇంకొకటి కూడా గుర్తొస్తూనే ఉంది. బండి కదిలే ముందు లోపల కూర్చున్న ప్రతి ఒక్కరూ కిటికీలోంచి ‘ఎల్లొత్తాం’ అనాలి ఆమెకి. అనకపోతే బండి చుట్టూ తిరిగి మరీ అనిపించేది. వాళ్లు నవ్వేవారు, ‘ఓలమ్మ, నీ కోసరమన్నా వొచ్చీత్తాంలే’ అనేవారు. బండి కొబ్బరితోటల మలుపు తిరిగేదాకా ఆమె అక్కడినుంచి కదిలేది కాదు. ఆవేళ దాలయ్య తల కిటికీకి ఆనించి కునుకుతున్నాడు. పాపం, నిద్ర చెడగొట్టడం ఎందుకని ఊరుకుంది.

సూర్యం ముందు మానిఫోల్డు విప్పాడు. ఫిల్టరులో వడకట్టిన గాలిని నాలుగు సిలిండర్లకీ పంచే ఇనప గొట్టం అది. విప్పి, దాని ముఖం వైపు చూడకుండానే వెనకనున్న పాత సామాను కుప్పలోకి బోర్లా తోసేశాడు. తరవాత సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు ఎత్తాడు. సిలిండరు గోడ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జార్చాడు. మధ్యలో గోరు ఒకచోట తట్టుకుంది. అక్కడే వేలు ఆపి కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు.

“ఏటి?” అంది జీవరత్నమ్మ.

“అరిగిపోనాది.”

“ఎందుకరిగినాది?”

“పాత బండి కదప్పా.”

హెడ్డు పక్కనున్న గాలి రంధ్రాలని గుడ్డపీలికతో ఒక్కొక్కటే తుడిచాడు. చివరి రంధ్రం తుడిచాక పీలికని చూసి, మురికి వైపు లోపలికి వచ్చేలా మడిచాడు. నేల మీద పారెయ్యలేదు. లాగు జేబులో పెట్టుకున్నాడు. ఆ పూట అతను నేల మీద పారెయ్యని పీలిక అదొక్కటే.

అతను టీకి వెళ్లగానే జీవరత్నమ్మ లేచింది. కుప్పలోంచి మానిఫోల్డు తీసి, వెల్లకిలా తిప్పి ఒళ్లో పెట్టుకుంది. ఇంజనుకి అతుక్కునే ముఖం మీద, సందు లేకుండా మూసే పాత ప్యాకింగు అట్ట అలాగే అంటుకుని ఉంది. దానిమీద నల్లటి పొర పెచ్చులు కట్టి, ఎండిన చెరువు అడుగులా బీటలు తీసి ఉంది. బొటనవేలితో రాసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. చిన్నప్పటినుంచి పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టిన వేళ్లు అవి. తొక్క నూనె తిని తిని గోళ్లు శాశ్వతంగా నల్లబడిపోయాయి. ఆ వాసన ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరి రంధ్రం పక్కన పొర పూర్తిగా రాలిపోయి సన్నటి సందు పడింది. ఆ సందు నిండా మెత్తటి ఎర్ర దుమ్ము, ఇసక.

సూర్యం టీ గ్లాసుతో తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఇదేటితో అంటించినావు సూర్యం?”

“అందరూ అంటించేదే.”

“జీడి తొక్క నూని.”

“అయితే? మన దగ్గర తెప్పల అడుగుకి పూత్తారు, పడవలకి పూత్తారు. ఏళ్లతరబడి ఉప్పునీళ్లలో నానినా ఊడదు. గోందు డబ్బా ఎక్కడో కొనడం కన్నా...”

“నీళ్లలో ఊడదు. పొయ్యి మీదో? మేం పిక్కలు వేపిన పెనం అంచుకి అంటుకుని, మాడి, పెచ్చులు పెచ్చులుగా లేచిపోతాది. మీ అమ్మ కూడా మాతోనే పిక్కలు కొట్టినాది. నువ్వా పెనాల మజ్జనే పెరిగినావు. సూడనేదా?”

సూర్యం టీ గ్లాసు స్టాండు మీద పెట్టాడు. “సూసినాను,” అన్నాడు.

“సెప్పు మరి.”

“ఆవేళ ప్యాకింగు నేదప్పా. ధర్మారావు బాబు అరిజెంటన్నారు. పాతదానికే నూని పూసి బిగించీసినాను. కొన్నాళ్లు బాగానే పట్టినాది.” అతను జేబులోంచి పీలిక తీసి, మడత విప్పి చూపించాడు. తడి మసిలో ఇసక రేణువులు మెరుస్తున్నాయి. “తరవాత ఈ సందులోంచి ఫిల్టరు దాటకుండా దుమ్ము పీల్చినాది. నిమ్మాడ కాడ రోడ్డు పనులు, మన కాడ ఇసక. పిస్టన్ల సుట్టూ ఉండే రింగులు తినీసినాది. రింగులు పోతే ఆయిలు పైకెక్కి మండిపోతాది. ఎన్ని డబ్బాలు పోసినా తాగెత్తాది.”

“అంటే ఆయిలెవుడూ అమ్ముకోనేదు.”

“నేదు.”

“ఈ మాట కవిటి సెంటర్లో సెప్పు.”

“ఓలప్పా! నాను సెప్తే నా షెడ్డుకి ఇంకెవుడు బండి తెత్తాడు? ధర్మారావు బాబు బళ్లన్నీ నా కాడికే వత్తాయి. నా మాటిను. ఇంజను బాగా కట్టిచ్చెత్తాను. బావ గురించి బాబుతో నాను మెల్లిగా మాటాడతాను.”

“మెల్లిగా?” జీవరత్నమ్మ క్యారేజీలోని అన్నం అతని స్టాండు మీద పెట్టింది. “నా మొగుణ్ణి దొంగన్నది మెల్లిగానేటి? గట్టిగానే కదా అన్నాడు?”

మానిఫోల్డుని గోనెసంచిలో చుట్టి చంకన పెట్టుకుంది.

“అప్పా, అది నేపోతే ఇంజనెలగ కట్టను?”

“అందుకే పట్టికెల్తన్నాను,” అని ఆమె బస్సు కోసం రోడ్డెక్కింది.

*

గోనెసంచి విప్పి మంచం మీద పెడితే కృపాదానం ముందు తల కూడా తిప్పలేదు. ఆమె చెప్పింది వింటూ గోడనే చూశాడు. అంతా అయ్యాక చెయ్యి వెనక్కి చాచి, ఆ ఇనుముని తడిమి, చివరి రంధ్రం దగ్గర వేలు ఆపాడు.

“ఇక్కడే ఈల ఏసీది,” అన్నాడు. “బండి నిలబెట్టినప్పుడు సన్నగా ఇనపడీది. ఆయిలు తాగెత్తందని బాబుకి సెప్పినాను, ఈల ఏత్తందని సెప్పినాను. తోలరా ముందు అన్నారు.”

“మరామాట నలుగుర్లో అనవేటి?”

“అనీసి? దాలయ్య పోనాడు. నా పక్క సీట్లోనే, నా బుజం మీద తల పెట్టీసి పోనాడు. ఈ ఇనప ముక్క సూపిత్తే ఆడొత్తాడేటి?”

“ఆడు రాడు. నువ్వొత్తావు.”

కృపాదానం ఇటు తిరిగాడు.

ఆమె అతని కోసం ఆగలేదు. జీడిపప్పు మీద పొట్టు తీసే చిన్న కత్తి తెచ్చుకుని, మానిఫోల్డుని కాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుంది. పాత ప్యాకింగుని గీకి పారెయ్యడం తేలిక. ఆమెకి అది ముక్కలు కాకుండా కావాలి. కత్తి మొన అట్ట కిందికి దూర్చి, కొంచెం లేపి, నోటితో దుమ్ము ఊది, మళ్లీ లేపింది. గుండు పప్పు బద్దలవకుండా పొట్టు ఒలిచే చెయ్యి అది. నల్ల పొర, బీటలు, సందు దగ్గర గట్టిపడిన ఎర్రమట్టి చారతో సహా ప్యాకింగు ఒక్కటిగా ఊడొచ్చింది. దాన్ని రెండు అట్టముక్కల మధ్య పెట్టి దారంతో కట్టింది.

కృపాదానం అప్పటికి లేచి కూర్చున్నాడు. ఖాళీ అయిన మానిఫోల్డు ముఖం మీద ఇనప స్కేలు నిలువుగా ఆనించి, కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. మధ్యలో స్కేలు కింద చీకటిగా ఉంది. చివర్లో సన్నటి వెలుతురు గీత కనబడింది.

“వొంగిపోనాది. కొత్త ప్యాకింగేసినా ఈ మూల పట్టదు. టెక్కలి లేతులో మొకం సదును సేయించాల.”

“పద.”

“ఇప్పుడా?”

“లుంగీ మార్చుకుని పద.”

బస్సులో గోనెసంచి చూసి వెనక సీట్లోంచి ఎవరో అన్నారు. “ఏటి కృపాదానం, ఆయిలు అయిపోనాది, ఇప్పుడు ఇంజను అమ్మడానికెల్తన్నావేటి?”

నలుగురు నవ్వారు. కృపాదానం తల వంగిపోయింది. జీవరత్నమ్మ సీట్లోంచి లేచి వెనక్కి తిరిగింది.

“అవును బావూ, అమ్మకానికే. కొంటావేటి? నీ నోరు మూసుకోడానికి సరిగ్గా సరిపోతాది.”

ఈసారి బస్సంతా నవ్వింది. అన్నవాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆమె కూర్చుని, సంచి మీద రెండు చేతులూ గట్టిగా పెట్టుకుంది.

టెక్కలి లేతు షాపులో మిషను ఒక్కసారి నడిచేసరికి మానిఫోల్డు ముఖం మధ్యలో మాత్రం తెల్లగా మెరిసింది. చివర్లు నల్లగానే ఉన్నాయి. మధ్య ఎత్తుగా, చివర్లు లోతుగా ఎలా ఉన్నాయో చిన్నపిల్లకైనా తెలిసిపోతుంది. ఇంకోసారి నడిచాక తెలుపు అటూ ఇటూ పాకింది. చివరికి ఒక్క నల్లమచ్చ మిగిలింది, చివరి రంధ్రం పక్కన. లేతు మనిషి చాలంటాడేమోనని జీవరత్నమ్మ అతని మొహం చూసింది. అతను మాట్లాడకముందే కృపాదానం మిషను మీద చెయ్యి వేశాడు. వారం తరవాత అతని గొంతు మామూలుగా వినబడింది.

“అదీ పోవాల. ఆ మచ్చ పోయేదాకా తియ్యి.”

*

తిరుగు బస్సు దిగాక కృపాదానం మానిఫోల్డుతో ఇంటికి వెళ్లాడు. జీవరత్నమ్మ అట్టముక్కలు పట్టుకుని సముద్రపొడ్డు పేటకి నడిచింది. దారిపొడుగునా కాళ్లు ఇసకలో దిగబడుతుంటే, వెనక్కి వెళ్లిపోదామా అని ఎన్నోసార్లు అనుకుంది. చావు ఇంటికి ఇనప సామాను గొడవ మోసుకెళ్లడం ఏమిటని ఆమెకే అనిపించింది. కాని దాలయ్య ‘ఎల్లొత్తాను’ అనకుండా వెళ్లిపోయాడు. అతనింటికి వెళ్లకుండా ఇప్పుడు తలొంచుకుని వెనక్కి తిరిగితే, ఇక ఆ ఇంటి ముందు ఎప్పటికీ తలెత్తలేననుకుంది.

దాలయ్య పెళ్లాం లక్ష్మమ్మ చూరు కింద చాప మీద కూర్చుని ఉంది. పక్కనే దాలయ్య పడవ బోర్లించి ఉంది. జీవరత్నమ్మని చూసి చీర అంచు లాగి పాదాలు కప్పుకుంది.

“ఎందుకొచ్చినావు?”

“ఒకటి సూపించడానికొచ్చినాను ఒదినా.”

“నాకేటీ సూపించక. మీ ఆయన కాళ్లు పట్టుకోమని అంపినాడేటి?”

“నేదు. ఆయన తప్పు సెయ్యనేదు. తప్పు సెయ్యనోడు కాళ్లెందుకు పట్టుకుంటాడు?”

లక్ష్మమ్మ విరుచుకుపడుతుందనుకుంది. లక్ష్మమ్మ చాప మీద చోటు వదిలి జరిగింది. జీవరత్నమ్మ దారం విప్పి ప్యాకింగుని చాప మీద పెట్టి, తెలిసినంతలో చెప్పింది. ఎక్కడ అంటించాడో, ఎక్కడ బీటలు తీసిందో, దుమ్ము ఎలా వెళ్లిందో, ఆయిలు ఎలా మండిపోయిందో. చెపుతూ సందులోని ఎర్రమట్టి చార మీద వేలు పెట్టింది. లక్ష్మమ్మ చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. తరవాత ఒక పెచ్చుని గోటితో విరిచి, వాసన చూసి, పక్కనున్న పడవ వైపు తిరిగింది.

“ఇది మా పడవ వాసన,” అంది. “ఏటా సేపలేటకెల్లే ముందు ఆయనే పూసీవోడు. సేతులు కాలిపోతాయి బాబూ, గుడ్డ కట్టుకోవా అంటే ఇనీవోడు కాదు.”

ఇద్దరూ పడవ నల్లటి అడుగుని చూస్తూ కూర్చున్నారు.

“ఆవేళ నాను బండి కాడికి రానేదు,” అంది లక్ష్మమ్మ. “కాళ్లు బరువుగా ఉన్నాయని లేవనేదు.”

చీర అంచు కింద పాదాలు ఇంకా లోపలికి జరిగాయి. జీవరత్నమ్మ చూసింది, అడగలేదు.

“రేపు సూర్యం షెడ్డులో ఇంజను బిగిత్తారు,” అంది లేస్తూ. “రమ్మని నాననను. బిగిత్తారని సెప్తన్నాను.”

*

మర్నాడు మొగుడూ పెళ్లాం షెడ్డుకి చేరేసరికి ధర్మారావు మోటారు సైకిలు బయట ఉంది. కొత్త స్లీవులు, పిస్టన్లు, రింగులు ఎక్కించి, హెడ్డు బిగించి ఇంజను సిద్ధంగా ఉంది. మానిఫోల్డు ఉండవలసిన చోట నాలుగు రంధ్రాలూ గుడ్డలు కుక్కి ఉన్నాయి.

“వచ్చావా తల్లీ!” అన్నాడు ధర్మారావు. “మొగుడు ఆయిలు, పెళ్లాం మానిఫోల్డు. బాగుంది సంసారం.”

“మా సంసారం బాగానే ఉంది బాబూ. మీ బండే బాగు నేదు,” అని జీవరత్నమ్మ గోనెసంచి విప్పింది. తెల్లగా మెరుస్తున్న ముఖాన్ని చూసి సూర్యం ఒక్క అడుగు ముందుకొచ్చాడు. వేలు పెట్టబోయి, చేతికి మసుందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

“సరే, సరే. సాయంత్రానికి బండి బయటికి రావాలి,” అన్నాడు ధర్మారావు. “ప్యాకింగు కోసం ఊళ్లు తిరక్కురా సూర్యం. జీడి నూనె డబ్బా అక్కడుంది, పూసి బిగించెయ్.”

ఏళ్ల అలవాటు. సూర్యం చెయ్యి దానంతట అదే స్టాండు మీది డబ్బా వైపు వెళ్లింది. జీవరత్నమ్మ మానిఫోల్డుని ఎత్తి రొమ్ముకి ఆనించుకుని, రెండు చేతులతోనూ రంధ్రాలు మూసేసింది.

“నూని పూత్తే ఇది నీకియ్యను. నా సేతులకి కూడా పూసి అంటించీసుకో.”

“ఏయ్, అది నా సామాను!” అన్నాడు ధర్మారావు.

“మీదే బాబూ. ఇందులోంచి పోయిన పేనం మాత్రం మాది.”

సూర్యం డబ్బా మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. గుమ్మంలో నీడ పడింది. లక్ష్మమ్మ గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ లోపలికి వచ్చి, పాత టైరు మీద కూర్చుంది. ఆమె ఎవరివైపూ చూడలేదు, ఇంజనునే చూసింది. సూర్యం ఆమెని చూశాడు. డబ్బా మూత బిగించి, షెడ్డు బయట కాలవ పక్కన పెట్టి వచ్చాడు.

“కుదరదు బాబు,” అన్నాడు. “కిందటిసారి అలగే సేసినాను. అందుకే ఇంజను పోనాది. ఆయిలు కృపాదానం బావ అమ్మనేదు. నాను పూసిన నూని పగిలి దుమ్మెల్లిపోనాది.”

“ఏం వాగుతున్నావురా?”

“వాగడం కాదు బాబు. కావాలంటే బళ్లు ఇంకో షెడ్డుకి పట్టికెల్లిపోండి.”

అని అతను మూలనున్న ప్యాకింగు షీటు తీశాడు. దాన్ని మానిఫోల్డు ముఖం మీద పరిచి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో అంచుల వెంబడి తట్టడం మొదలుపెట్టాడు. తట్టినచోటల్లా రంధ్రాల అచ్చు పడింది. అచ్చు వెంట కత్తిరించాడు. ధర్మారావు గోడకి ఆనుకుని గడియారం చూసుకున్నాడు. సుత్తి చప్పుడు ఒక్కటే సాగింది.

జిగురు లేకుండా పొడిగానే ప్యాకింగుని ఇంజనుకి బిగించి ఉన్న మరమేకులకి ఎక్కించాడు. కృపాదానం వంగి, ఒక్కొక్క రంధ్రంలోకి బ్యాటరీ లైటు కొట్టి, గాలి వెళ్లే దారిలోకి అట్ట అంచు పొడుచుకు రాలేదు కదా అని చూశాడు. మూడోదాని దగ్గర తల అడ్డంగా ఊపాడు. సూర్యం ప్యాకింగు తీసి, వెంట్రుకవాసి కత్తిరించి మళ్లీ పెట్టాడు. కుక్కిన గుడ్డలన్నీ తీసి లెక్క చూసుకున్నాడు. మానిఫోల్డు బరువుని కృపాదానం రెండు చేతుల మీద మోస్తుంటే సూర్యం నట్లన్నీ వేళ్లతో ఎక్కించాడు. అప్పుడు పానా తీసుకుని చివరి నట్టు మీద పెట్టాడు.

కృపాదానం అతని చెయ్యి ఆపాడు. మధ్య నట్టు మీద వేలు పెట్టాడు.

సూర్యం అతని మొహంలోకి చూసి, పానా మధ్యకి తెచ్చాడు. మధ్యది కొంచెం, దాని ఎడమది కొంచెం, కుడిది కొంచెం. అలా బయటికి వెళ్లి, మళ్లీ మధ్యకి వచ్చి ఇంకొంచెం. ముఖం మళ్లీ వంగకుండా, ఒక్కసారిగా ఏదీ బిగించలేదు. మిగిలిన గొట్టాలు తగిలించి, ఆయిలు పోసి ఇంజను తిప్పితే, దగ్గి, పొగ కక్కి, నిలదొక్కుకుంది. వేడెక్కనిచ్చి, ఆపి, చల్లారనిచ్చి నట్లన్నీ అదే వరసలో మరోసారి చూశాడు.

“ఇప్పుడు దుమ్మెల్లదని ఎలగ తెలుస్తాది?” అంది లక్ష్మమ్మ. వచ్చాక ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

“అతుకు కాడ పొగ పెడితే తెలుస్తాదమ్మా,” అన్నాడు సూర్యం. “సందుంటే లోపలికి పీల్చెత్తాది. ఉండు, బీడీ ముట్టిత్తాను.”

“బీడీ వొద్దు.” లక్ష్మమ్మ కొంగుముడి విప్పి అగరుబత్తి తీసింది. మొగుడి ఫొటో ముందు వెలిగించే వాటిలోదే. “ఇదెట్టు. కాదు, నానే పెడతాను.”

గాలి విసరకుండా సూర్యం ఫ్యాను బెల్టు తప్పించాడు. గుమ్మానికి పరదా దించాడు. మళ్లీ తిప్పిన ఇంజను సన్నగా నడుస్తోంది. లక్ష్మమ్మ వెలిగించిన అగరుబత్తిని అతుకు వెంట మెల్లగా నడిపించింది. పొగ పైకి లేచింది. చివరి రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

“ఇక్కడేనేటి?”

“అక్కడే,” అన్నాడు కృపాదానం.

ఆమె అక్కడే పట్టుకుంది. బూడిద రాలింది. పొగ అతుకు వైపు వంగలేదు. ఇనుముని రాసుకుంటూ తిన్నగా పైకి వెళ్లి షెడ్డు రేకుల కింద పరుచుకుంది. అగరుబత్తి సగం అయ్యేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.

“సరేలే,” అన్నాడు ధర్మారావు చివరికి. “ఇంజను బాగైంది, అదే కావాలి. తోలడానికి వేరే మనిషిని చూశాను.”

“ఆ మనిసి తోల్తే నానెక్కను,” అంది లక్ష్మమ్మ.

“నువ్వెందుకమ్మా ఎక్కడం?”

లక్ష్మమ్మ టైరు మీద కూర్చుని చీర అంచు కొంచెం పైకి లాగింది. పాదం మీద బొటనవేలితో నొక్కి వదిలింది. వేలు పెట్టినచోట గుంట అలాగే ఉండిపోయింది. ఎంతసేపైనా పూడలేదు.

“మొన్న పరీచ్చ సేయించినారు. నాకూ రగతం కడిగించుకోమని రాసీసినారు,” అంది. “మా పేటోళ్లకి, అటు కవిటోళ్లకి నానే సెప్తాను. కృపాదానం తోల్తేనే ఎక్కుతాం. నేపోతే బస్సులో ఏలాడతాం.”

ధర్మారావు మొహం తుడుచుకున్నాడు. “మంచిది, వాణ్ణే రమ్మనండి. ఇంక ఈ గొడవ ఇక్కడితో ఆగాలి.” జీవరత్నమ్మ చేతిలోని అట్టముక్కలు చూపించాడు. “ఆ పాత ప్యాకింగు ఇలా ఇచ్చెయ్. పారేస్తాను.”

“ఇది మీ సామాను కాదు బాబూ,” అని ఆమె దారం ఇంకో చుట్టు చుట్టింది.

*

సోమవారం తెలవారుతుండగా వ్యాను కవిటి సెంటర్లో ఆగింది. టీ బడ్డీ కర్రస్తంభానికి, మనిషి కళ్ల ఎత్తున, మేకులతో కొట్టిన పాత ప్యాకింగు ఉంది. నల్ల పెచ్చులు, బీటలు, చివర ఎర్రమట్టి చార. వచ్చిన ప్రతివాళ్లూ ఇదేటి అని అడుగుతున్నారు. జీవరత్నమ్మ ధర్మారావు ఆవేళ మాట్లాడిన చోటే నిలబడి, అంత గట్టిగానూ, మొదటినుంచీ చెపుతోంది. ఒకాయన వేలితో రాసి వాసన చూశాడు. బస్సులో ఎగతాళి చేసినవాడు టీ తాగుతూ విని, కృపాదానం దగ్గరికి వెళ్లి బీడీ ఇచ్చాడు. కృపాదానం బీడీ తీసుకుని చెవి మీద పెట్టుకున్నాడు.

లక్ష్మమ్మ ముందు సీట్లో, మొగుడు కూర్చునే చోట కూర్చుంది. ఒక్కొక్క కిటికీలోంచీ ‘ఎల్లొత్తాం’, ‘ఎల్లొత్తాం’ అన్నారు. ముందు కిటికీ దగ్గరికి వచ్చేసరికి జీవరత్నమ్మ కిటికీ అంచు పట్టుకుని, అడగకుండా ఆగిపోయింది.

“ఎల్లొత్తానొదినా,” అంది లక్ష్మమ్మ తనంతట తానే. “సాప మీద ఎండుసేపలున్నాయి, సాయంత్రం దాకా కాకులు తినెయ్యకుండా సూడు.”

బండి కదిలింది. అప్పుడే ధర్మారావు మోటారు సైకిలు బడ్డీ ముందు ఆగింది. దిగి, ప్యాకింగునే చూస్తూ స్తంభం దగ్గరికి నడిచాడు.

ప్రతిసారీ బండి కొబ్బరితోటల మలుపు తిరిగేదాకా చూసే జీవరత్నమ్మ ఈసారి అటు చూడలేదు. చప్పుడు దూరమవుతుంటే వింది. వీపు రోడ్డుకి పెట్టి, ధర్మారావుకీ స్తంభానికీ మధ్య వెళ్లి నిలబడింది.